పేట లైనులో గోటి చప్పుడు

మాచర్లలో నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసేదాన్ని. ఎనభైల నాటి మాట. నంబరు తిప్పగానే అవతల మోగే ఫోన్లు మా ఊరికి ఇంకా రాలేదు. ఊళ్ళో ఎవరైనా రిసీవర్ ఎత్తితే నా ఎదురుగా ఉన్న బోర్డు మీద చిన్న రేకు మూత టప్పున పడేది. నేను తీగ గుచ్చి ఎవరు కావాలని అడిగేదాన్ని. పొరుగూరి కాల్ అయితే ముందు నరసరావుపేట ఎక్స్ఛేంజిని పిలవాలి. అక్కడి ఆపరేటర్ గుంటూరుకో, చిలకలూరిపేటకో కలిపేది. మేం ఉత్త పేట అంటే నరసరావుపేటే, మా ఊరి మాట ఏదైనా పేట మీదుగానే బయటికి పోవాలి.

కలపడం వరకే మా పని అని కాగితం మీద ఉండేది. గాలి వీస్తే ఆ లైన్లలో గరగర, వాన పడితే బుడబుడ. నాపరాళ్ళ షావుకారు ఇక్కడ గొంతు చించుకుంటాడు, అవతల పార్టీకి ముక్క వినపడదు. అప్పుడు మధ్యలో నేను అందుకుని, రాళ్ళు రేపు ఎత్తుతారంట, లారీ మీరే పంపాలంట అని అరవాలి. అవతలాయన అన్నదాన్ని మళ్ళీ ఇవతలికి అరవాలి. పత్తి బేరాలు, పురుళ్ళు, చావులు, అన్నదమ్ముల పోట్లాటలు, అన్నీ నా గొంతులోంచే పోయాయి. ఒకాయన అవతలివాణ్ణి బండబూతులు తిట్టి, వాడికి వినపడినట్టు లేదు, కాస్త మీరు చెప్పండమ్మా అన్నాడు. చెప్పాను. నాకేం భయం?

మొదటినుంచీ నేను నోరుగల మనిషినే. రెండేళ్ళు కాపురం చేశాను. నా నోటికి తాళలేక ఆయన వెళ్ళిపోయాడని ఆయన తరఫువాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. ఆయనగారి నిర్వాకం గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. బెల్లంకొండలో అన్న సేద్యం చేసుకుంటున్నాడు. వెళ్తే కాదనడు. కానీ వదిన ముభావం చూస్తూ ఎన్నాళ్ళని ముద్ద మింగుతాం? అందుకని మాచర్లలోనే ఒక గది, వంటకు ఓ మూల అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. పగలంతా ఊరందరితో మాట్లాడి ఇంటికి వస్తే, తాళం తీసిన చప్పుడు తరవాత ఇంక ఏ చప్పుడూ ఉండేది కాదు.

నాకంటూ ఉన్న మనిషి పేట. అది ఆమె పేరు కాదు. ఆపరేటర్లం ఒకళ్ళనొకళ్ళు ఊరిపేరుతోనే పిలుచుకునేవాళ్ళం. ఆమెకు నేను మాచర్ల, నాకు ఆమె పేట. ఎండకు ఊరు తలుపులు వేసుకునే వేళ కాల్స్ తగ్గేవి. అప్పుడు ఇద్దరం లైన్లో కూర్చుని ఏం కూర వండామో, ఎవరి మీద కోపంగా ఉందో చెప్పుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి అలా సాగింది. ఆమెకు మొగుడి దగ్గర ఉండే యోగం లేదు. ఆయన వైజాగులో, ఆమె పేటలో అత్తగారితో. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసింది లేదు. రైలెక్కితే ఒక పూట ప్రయాణం. ఇవాళ కాదు రేపనుకుంటూ గడిపేశాం. జలుబు చేసిందో, ఏడ్చి వచ్చిందో ఆమె ఒక్క ‘హలో’తో నాకు తెలిసిపోయేది. నలుపో తెలుపో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ ఏడు మిరపకాయల సీజన్లో నా గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగాను, అల్లం నమిలాను, తగ్గలేదు. ఒకరోజు బోర్డు ముందు నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. గుంటూరు వెళ్తే డాక్టరు అద్దం పెట్టి చూసి, అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయమ్మా, తీసెయ్యాలి అన్నాడు. తీశాడు. తను మళ్ళీ చూసి సరేననేదాకా నోట్లోంచి చిన్న చప్పుడు కూడా రాకూడదన్నాడు. గుసగుస అసలే పనికిరాదట, దానివల్ల ఇంకా చెడుతుందట. ఓపికపడితే గొంతు రావచ్చు, తొందరపడితే ఇంక రాదు, తరవాత నన్ను అడగొద్దు అని కచ్చితంగా చెప్పాడు.

గొంతు రాకపోతే బోర్డు ముందు కూర్చోబెట్టరు. గుంటూరులో బిల్లులు సర్దే గదికి మారుస్తామని ఆఫీసులో ముందే అన్నారు. జీతానికి ఢోకా లేదుగా అని అందరూ నన్ను ఓదార్చారు. జీతం గురించి ఎవరు ఏడ్చారు? బోర్డు పోతే పేట పోతుంది. ఉదయం లేస్తే నాతో ‘ఏమే’ అనే మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. నా దిగులల్లా అది.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. నోరు మూతపడ్డాక మాట బయటికి రావడానికి ఇంకా ఏమేం దారులున్నాయో ఒక్కొక్కటే పట్టి చూశాను.

మొదటిది పలక. బజార్లో పలక, బలపాలు కొన్నాను. మా ఇంటి ఓనరు రిటైరైన మేస్టారు, బాబాయి అని పిలిచేదాన్ని. చదువుకున్న మనిషి కాబట్టి ఆయనతో ఇబ్బంది ఉండదనుకున్నాను. బావి గిలక విరిగిందని చెప్పడానికి వెళ్ళి ‘బా’ అని రాశానో లేదో, బాధగా ఉందా తల్లీ అని మొహం దిగాలుగా పెట్టాడు. కాదని తల ఊపి ‘బావి’ అని రాశాను. అదేనమ్మా నేను చెప్పేది, బావినీళ్ళు పచ్చివి తాగకు, కాచి చల్లార్చుకో అని బుజ్జగించి లోపలికి పోయాడు. గిలక విరిగింది విరిగినట్టే ఉంది. నా చేతిలో బలపం పుటుక్కున విరిగింది. చదువొచ్చినవాళ్ళతో అదే చిక్కు. రెండక్షరాలు చూడగానే మిగతాది వాళ్ళే రాసేసుకుంటారు. అది నా మాట కాదని చెప్పాలంటే మళ్ళీ తుడవాలి, మళ్ళీ రాయాలి, అప్పటికి వాళ్ళు వేరే పనిలో పడతారు.

కోపానికి పలక అసలు పనికిరాదు. నాకు కోపం వచ్చిందంటే నాలుక చివరికి మాట దానంతటదే వస్తుంది. పలక మీద తిట్టు సగం రాసేసరికి పాలవాడు సైకిలెక్కి సందు మలుపు తిరిగేవాడు. నీళ్ళపాలు పోసినందుకు వాణ్ణి తిట్టాల్సిన తిట్టు ఆ పలక మీద సాయంత్రందాకా ఉంది. చదివి చదివి నేనే తుడిచేశాను.

తరవాత గాల్లో వేలితో రాసి చూశాను. దానికి పలకా బలపం మోయనక్కర్లేదు, బాగుంటుందనుకున్నాను. రాసిన అక్షరం రాసినచోటే మాయమవుతుంది. రెండోది రాసేసరికి మొదటిది ఏమిటో నాకే గుర్తుండదు. భుజం లాగేస్తుంది. పైగా ఎదురుగా నిలబడ్డవాళ్ళకు అక్షరాలు ఎడమ కుడి తారుమారు. వాళ్ళకు సరిగ్గా కనపడాలంటే నేను వాళ్ళకు వీపు పెట్టి నిలబడి రాయాలి. బాబాయి ముందు అలా కూడా నిలబడ్డాను, ఏం చేయను. నా వీపు వెనక ఆయన నవ్వాపుకుంటున్నాడో, జాలిపడుతున్నాడో నాకేం తెలుస్తుంది? మొహం చూడకుండా మాట్లాడటం నాకు కొత్త కాదు, బోర్డు ముందు చేసేది అదేగా. కానీ అక్కడ అవతలి గొంతు ఉండేది.

ఒకటో తరగతి పిల్లల అక్షరాల అట్ట కొన్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మాట కూర్చాలి. కిరాణా కొట్లో దాన్ని తెరిస్తే జనం మూగారు. నా వేలు ఏ అక్షరం మీదికి పోతుందా అని గారడీ చూసినట్టు చూశారు. కొట్టాయన మాత్రం నా చెవి దగ్గరికి వంగి, కందిపప్పు ఎంత కావాలమ్మా అని గావుకేక పెట్టాడు. నాకు పోయింది గొంతు, చెవులు కాదు మొర్రో అని ఏ అట్ట మీద చూపించను? మాట రానివాళ్ళకు వినపడదని, వినపడనివాళ్ళకు బుర్ర ఉండదని ఎందుకనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఉత్తరాలూ రాశాను, పేటకే. ‘క్షేమం, మీ క్షేమం తెలుపగలరు’ దగ్గర మొదలై నేను చానా మర్యాదస్తురాలిని అయిపోయాను. ఆమె జవాబులోనూ అంతే, ఎవరో పెద్దింటి ఆడపడుచు రాసినట్టుంది. చదువుకుంటే ఇద్దరిలో ఒక్కరమూ లేము. రెండు ఉత్తరాలతో ఆపేశాను.

వీటన్నిటికీ అవతలివాళ్ళకు చదవడం రావాలి. నా గోడ పక్క గదిలో ఉండే అక్కకు రాదు. ఆమె నాపరాళ్ళ క్వారీలో పనికి పోయేది. తెల్లారే వెళ్ళి, పొద్దుగూకే వేళకు ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో వచ్చేది. ఆపరేషన్ అయ్యాక నాకు జావ కాచి పెట్టింది ఆమే. నా పలక, నా అట్ట, నా గాలిరాతలు ఆమె దగ్గర పూచికపుల్లకు కొరగావు. ఇచ్చిన గిన్నె తీసుకుని చేతులు జోడించడం తప్ప ఆమెకు నేను ఏమీ చెప్పలేకపోయాను.

నేను నోరు విప్పకపోవడం చూసి ఆ అక్క తనకు తోచిన అర్థం చెప్పుకుంది. మొగుడు వదిలేసిన మనిషి, నోరుగల మనిషి, ఉన్నట్టుండి మాట మానేసిందంటే ఏదో మొక్కు మొక్కుకుని ఉంటుంది. మౌనవ్రతం పట్టింది. ఈ మాట క్వారీలో చెప్పింది, క్వారీ నుంచి వీధిలోకి వచ్చింది. ఆ శుక్రవారం నేను తలంటుకుని గడపలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఐదారుగురు ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, కొబ్బరికాయలతో వచ్చి నిలబడ్డారు. ఏమిటా అనుకునేలోపు ఒకామె వంగి నా కాళ్ళకు పసుపు రాసింది. నేను ఉలిక్కిపడి కాళ్ళు లాక్కున్నాను. పరుగున లోపలికి పోయి పలక తెచ్చి, పెద్దక్షరాలతో ‘గొంతు ఆపరేషన్’ అని రాసి వాళ్ళ మొహాలకు ఎదురుగా పట్టాను. ముందున్న పెద్దావిడ ఆ పలకను రెండు చేతులా అందుకుని, భక్తిగా కళ్ళకద్దుకుని, వెనకావిడకు ఇచ్చింది. పలక చేతులు మారింది. అందరూ కళ్ళకద్దుకున్నారు. చివరికి అక్షరాలు చెరిగిపోయి పలక నా దగ్గరికి వచ్చింది. వాళ్ళు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చల్లగా ఉండు తల్లీ అని వెళ్ళారు. తలుపేసుకుని పొట్ట పట్టుకుని నవ్వాను, చప్పుడు లేకుండా. కాసేపటికి అది ఏడుపైంది. అదీ చప్పుడు లేకుండానే.

ఆ తరవాత అక్క రోజూ సాయంత్రం నా గడపలో కూర్చునేది. ఎవరితోనూ అననివి చెప్పేది. కూతురు చచ్చిపోయిన సంగతి, తాగివచ్చే మొగుడి సంగతి.

“నీకు చెబితే గోడకు చెప్పినట్టే గదమ్మా. ఎక్కడికీ పోదు” అంది ఒకరోజు.

గోడ ఎదురు మాట్లాడదు, నిజమే. కానీ కూతురు సంగతి చెప్పినరోజు ఒక మాట నా నాలుక దాకా వచ్చింది. పెద్ద మాట కాదు. అయ్యో అక్కా, అంతే. అనలేకపోయాను. ఆమె కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు నా గొంతు మీద వచ్చినంత కోపం నన్ను వదిలేసి పోయినాయన మీద కూడా రాలేదు.

ఇంక ఉండబట్టక ఒక మధ్యాహ్నం ఎండలో పడి ఎక్స్ఛేంజికి వెళ్ళాను. నా బదులు గురజాల నుంచి వచ్చిన పెద్దాయన బోర్డు ముందు కునుకుతున్నాడు. నన్ను చూసి, కాసేపు చూసుకోమ్మా, టీ తాగివస్తా అని హెడ్‌సెట్ చేతిలో పెట్టాడు. ఏం చూసుకుంటాను? ఎవరైనా రిసీవర్ ఎత్తితే నంబర్ చెప్పండి అనడానికి కూడా లేదు. అయినా తలకు తగిలించుకున్నాను. పేట లైనులో తీగ గుచ్చి రింగ్ చేశాను.

“పేట” అంది.

ఎన్ని రోజులైంది ఆ గొంతు విని. నా నోరు దానంతటదే తెరుచుకుంది. రెండు చేతులతో మూసుకున్నాను. ఆమె హలో హలో అంది, ఎవరూ పలకకపోతే విసుక్కుంది. తీగ లాగేస్తుందని భయం వేసి, మూతి ముందున్న మైకు మీద గోటితో టక్ టక్‌మని కొట్టాను. మళ్ళీ కొట్టాను. అవతల చప్పుడు ఆగింది. తరవాత మెల్లగా, మాచర్లా, నువ్వేనా అని అడిగింది. టక్.

ఆమే చెప్పింది, ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు అని. మొదటిరోజంతా అదే. తిన్నావా, అవును. నొప్పి ఉందా, కాదు. ఒక్కదానివే ఉన్నావా, అవును. కానీ అవునూ కాదూ ఎంతసేపని? అడగడం ఆమె వంతు, ఒప్పుకోవడం నా వంతు. కోర్టు బోనులో నిలబడ్డట్టుంది. నా అంతట నేను ఒక్కటీ అనడానికి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలిసింది. మర్నాడు లైన్లోకి రాగానే, రాత్రి అంట్లు తోముతుంటే తట్టింది, ఏందే మనం చిన్నప్పుడు అక్షరాలు వరసలుగా గదా వల్లెవేసింది అంది.

క వరస, చ వరస, ట వరస, త వరస, ప వరస. ఒక్కో వరసలో ఐదేసి అక్షరాలు. ముందు ఎన్నో వరసో కొట్టు, ఆగు, తరవాత వరసలో ఎన్నో అక్షరమో కొట్టు. ఆ పైన గుణింతం ఎన్నోదో కొట్టు. య ర ల వలు ఆరో వరస, శ ష స హలు ఏడోది. అచ్చు అయితే ముందు గోటితో గీయి. ఒత్తులూ సున్నాలూ నాకొదిలెయ్, నేను పెట్టుకుంటా అంది. బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నది ఇన్నేళ్ళకు ఇలా పనికొచ్చింది.

చెప్పడం మొదలుపెడితే పేట ఆగదు. నాకు చోటివ్వకుండా అలా ఎలా కొట్టాలో ఇలా ఎలా కొట్టాలో పాఠం చెబుతూనే ఉంది. నేను మొదటి అక్షరం కొట్టాను. ఐదు, ఆగి ఐదు, ఆగి ఇంకో ఐదు. ప వరసలో ఐదోది మ, గుణింతంలో ఐదోది కొమ్ము. ము. రెండో అక్షరం మొదలుపెట్టకముందే ఆమె పకపకా నవ్వింది. ముయ్యమంటున్నావా, దొంగముండా, గొంతు పోయినా పొగరు పోలేదే అంది. అవును, టక్. ఆపరేషన్ అయ్యాక నన్ను నేనుగా చూసినవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. జాలిపడ్డారు, మొక్కారు, అరిచారు. తిట్టింది ఆమె ఒక్కతే. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. పెద్దాయనకు టీకి వెళ్ళే వీలు, నాకు లైను. ఒక్క చిన్న మాటకు చెమటలు పట్టేవి. పలకతో పోలిస్తే పదింతలు నిదానం. మధ్యలో ఊళ్ళోవాళ్ళు ఎవరైనా రిసీవర్ ఎత్తితే బయటికి పోయి పెద్దాయనను పిలుచుకురావాలి, లెక్క తప్పేది, మళ్ళీ మొదటికి రావాలి. గోరు అరిగిపోతే వేలికి ఉంగరం మార్చుకుని దానితో కొట్టాను. ఇంత కష్టమైన దారి ఇంకోటి లేదు. అయినా నాకు ఇదే నచ్చింది. పలక చూసినవాళ్ళకు తొందర. పేటకు తొందర లేదు. నేను కొడుతున్నంతసేపూ ఊపిరి కూడా చిన్నగా పీల్చేది, నాకు వినపడేది. తెలిసిన మాట అయితే ముందే అందుకునేది, తెలియకపోతే ఊరుకునేది. బాబాయిలాగా నా మాట బదులు ఇంకోటి పెట్టుకుని పోయేది కాదు. గిలక సంగతి, పాలవాడి సంగతి, శుక్రవారం పూజ సంగతి ఎన్నో మధ్యాహ్నాలు పట్టింది చెప్పడానికి. పలకను కళ్ళకద్దుకున్న దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. అక్క కూతురి సంగతీ, అయ్యో అనలేకపోయిన సంగతీ కూడా కొట్టాను. ఆ రోజు పెద్దాయన టీ తాగి వచ్చేదాకా ఆమె లైను వదల్లేదు.

ఇంక కొద్ది రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళాలనగా ఆమె ఒక మధ్యాహ్నం వస్తూనే హలో అంది. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది ఏదో అయిందని. ఏళ్ళ క్రితం పెట్టుకున్న ట్రాన్స్‌ఫర్ ఇప్పుడు వచ్చింది. వైజాగ్. మొగుడు ఉన్న ఊరు. సంతోషించాల్సిన సంగతే, సంతోషంగానే చెప్పింది. అక్కడ అంతా ఆటోమేటిక్, బోర్డూ తీగలూ ఉండవు, ఏదో లోపలి సెక్షన్‌లో వేస్తారట. ఎప్పుడు పోవాలి అని కొట్టాను. ఆమె చెప్పిన రోజు నా డాక్టరు రోజుకంటే ముందుంది.

పోయేలోపు ఒకసారి పేట రాకూడదా, మొహం చూసుకుందాం అని అడిగింది. నేను రెండు కొట్టాను. ఎందుకే అంది. జవాబు కొట్టలేదు. కొట్టాలంటే చానా పొడుగు. ఇన్నేళ్ళు నోటితో గడిపిన స్నేహం. ఇప్పుడు నోరు లేకుండా వెళ్ళి, ఆమె అత్తగారి ఎదుట పలక పట్టుకుని నిలబడాలా? ఆమె కళ్ళలో కూడా ఆ జాలి కనపడితే నేను తట్టుకోలేను. లైన్లో అయితే నేను ఇంకా నేనే. నాకు పొగరని ఎవరైనా అంటే అననీ.

ఆమె ఆఖరి డ్యూటీ రోజు తొందరగా వెళ్ళాను. పెద్దాయన సంగతి కనిపెట్టినట్టున్నాడు, బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం అదేం ఖర్మో, బోర్డు ఖాళీ లేదు, మూత పడ్డప్పుడల్లా పెద్దాయన లోపలికి వచ్చి కలిపి పోతున్నాడు. పేట బోర్డూ అంతే. ఆమె ఒక కాల్ కలిపి రెండు ముక్కలు, ఇంకో కాల్ కలిపి రెండు ముక్కలు. సామాన్లు కట్టేశారట, సాయంత్రం బండికి ప్రయాణమట. మధ్యమధ్యలో ఇవన్నీ చెబుతోంది. నేను కొట్టేది ఒక్క అక్షరం పూర్తయ్యేలోపు ఆమెను ఎవరో పిలుస్తున్నారు.

నేను చెప్పాలనుకున్నది ముందురోజే మనసులో కూర్చుకున్నాను. నువ్వు ఉండబట్టి ఇన్నాళ్ళు ఉన్నానే అని. అంతే. వరసలూ గుణింతాలూ లెక్కవేసుకుని, పొట్టి చేసుకుని, కంఠతా పట్టి వెళ్ళాను. ‘ను’ దగ్గరే మూడుసార్లు తెగింది.

“కంగారు పడబాక. నేనీడ్నే ఉన్నా” అంది పేట. “నువ్వు మాత్రం నోరు తెరవబాకే. ఇన్నాళ్ళు ఓర్చుకున్నావు. నీ గొంతు నాకెటూ గుర్తుంది. చచ్చేదాకా ఉంటది.”

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. డాక్టరు చెప్పింది గుర్తులేక కాదు. గొంతు పోతే బిల్లుల గదిలో బతకాలని తెలుసు. పోతే పోనీ అనిపించింది. ఇది దాచుకుని ఎవరి కోసం? రేపటినుంచి ఈ లైన్లో నన్ను ఏమే అనేవాళ్ళెవరు? ఆమె పోయేలోపు ఒక్కసారి నా నోటితో నేను ఆమెను పిలవాలి. మైకు దగ్గరికి లాక్కున్నాను.

“ఏమే” అన్నాను.

అన్నాననుకున్నాను. బయటికి వచ్చింది నా గొంతు కాదు. రాళ్ళ మీద రేకు ఈడ్చినట్టు, ముతకగా, మొగాడి గొంతులా ఏదో వచ్చింది.

ఆ రోజుల్లో ఊళ్ళ మధ్య ట్రంకు లైన్లలోకి సంబంధం లేని పార్టీలు వచ్చిపడటం రోజూ ఉండేదే. ఎవరిదో కాల్, ఎవరిదో గొంతు, మన మాటల మధ్యలో. వాళ్ళను అదిలించి పంపడం మాకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఆ పని ఎలా చెయ్యాలో తనకు నేర్పింది నేనేనని పేట అంటూ ఉండేది.

“ఎవరండీ లైన్లోకొచ్చింది?” అంది పేట కటువుగా. “వదలండి. మా మనిషితో మాట్లాడుతున్నా.”

ఇంకోసారి అంటే గుర్తుపడుతుందేమో. ఇంకోసారి అనడానికి గొంతు చాలదు, మంట పుట్టింది. అన్నా అదే వస్తుంది. తరవాత డాక్టరు చూసి, ఆ ఒక్క మాటకు ఏమీ కాలేదన్నాడు, మాట్లాడొచ్చన్నాడు. మాట్లాడితే వచ్చింది అదే గొంతు. బోర్డు ముందు మళ్ళీ కూర్చోనిచ్చారు, దానితోనే ఉద్యోగం చేశాను. ఇప్పటికీ ఫోనులో నన్ను సార్ అనే పిలుస్తారు. కానీ ఆ మధ్యాహ్నం నాకు అదంతా తెలియదు. తెలిసింది ఒక్కటే. నా గొంతు ఆమెకు చచ్చేదాకా గుర్తుంటుందని చెప్పింది, ఆ గొంతు ఇంక నా దగ్గర లేదు.

“పోయాడా?” అని అడిగింది నన్ను, గొంతు తగ్గించి.

ఉంగరంతో ఒకటి కొట్టాను.

“పీడా పోయింది” అంది. “ఇప్పుడు చెప్పవే. వింటున్నా.”